ఏకుల బుట్ట, బీడీ చాట: ఇందూరు ప్రాంత మాతృస్మృతిలో శ్రమ స్థానం

‘ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుట్టంత తల్లి నయం’ అన్న సామెతను తల్లి ప్రేమకు నిదర్శనంగా చెప్పుకోవడం వాడుక. తండ్రి ఎంతటివాడైనా, తల్లి ఎంత చిన్నదైనా, బిడ్డకు తల్లే మేలన్నది స్థిరపడిన అర్థం. ఈ అర్థంలో ఏనుగు, బుట్ట రెండూ పరిమాణాన్ని తెలిపే కొలతలుగానే మిగులుతాయి. కాని సామెత ఏదో ఒక బుట్ట అనలేదు, ఏకుల బుట్ట అన్నది. ఏకు అంటే రాట్నం మీద వడకడానికి అనువుగా చుట్టిన దూది చుట్ట. నేటి పాఠకులలో చాలామందికి ఆ మాట ‘ఏకు మేకైనట్లు’ అన్న పలుకుబడిలో మాత్రమే మిగిలింది. ఏకుల బుట్ట ఇంటిపని చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు నూలు వడికి నాలుగు డబ్బులు సంపాదించుకొనే స్త్రీ పక్కన ఉండే వస్తువు. ఆ దృష్టితో చూస్తే సామెతలోని పోలిక పెద్దకూ చిన్నకూ మధ్య ఉన్నది కాదు. తండ్రికి ఆకారం ఉన్నది, తల్లికి పని ఉన్నది. బిడ్డను బతికించేది ఆ బుట్టలోని పని.

గోగు శ్యామల తన కథల సంపుటికి ఈ సామెతనే పేరుగా పెట్టుకున్నారు. తాండూరు ప్రాంతపు మాదిగవాడ జీవితం నుంచి వచ్చిన ఆ కథలు ఆంగ్లంలో 2012లో వెలువడినప్పుడు ఏనుగు నిలిచింది గాని ఏకులు నిలవలేదు. ఆంగ్ల శీర్షికలో తల్లి కేవలం ‘చిన్న బుట్ట’ అయింది. అనువాదకుల ఇబ్బంది అర్థం చేసుకోదగినదే. ఏకు అన్న వస్తువు తెలియని పాఠకునికి శీర్షికలోనే దానిని వివరించడం సాధ్యం కాదు. అయినా ఈ లోపం ఒక్క అనువాదానిది కాదు. తెలుగులో ఈ సామెతను వాడేవారి మనసులో కూడా ఏకులు ఎప్పుడో జారిపోయాయి. తల్లిని తలచుకొనే తెలుగు రచనలో పని నుంచి త్యాగానికి, కూలి నుంచి కరుణకు జరిగే జారుడుకు ఈ సామెత పొందిన అర్థమే మొదటి సాక్ష్యం. నిజామాబాదు పట్టణం, బోధన్ చక్కెర ప్రాంతం ఈ జారుడును పరీక్షించి చూడడానికి అనువైన చోటు. ఇక్కడ ఏకుల బుట్ట స్థానంలోకి బీడీ చాట వచ్చింది, ఆ చాట ముందు కూర్చున్న తల్లులను చూస్తూ తరాల పిల్లలు పెరిగారు.

తెలుగు కావ్య సంప్రదాయం తల్లి పనిని బొత్తిగా చూడలేదనడం న్యాయం కాదు. పోతన యశోద పెరుగు చిలుకుతూ కనిపిస్తుంది. కృష్ణుడు కవ్వం పట్టుకొని ఆపుతాడు, ఆమె పాలిస్తుంది, పొయ్యి మీది పాలు పొంగితే బిడ్డను దించి పరుగెత్తుతుంది. పనికీ పాపకూ మధ్య పడే తల్లి నలుగులాటను దశమస్కంధం ఇంత దగ్గరగా చూసింది. అయితే యశోద చిలికినది తన ఇంటి పెరుగు. దానికి వెల లేదు, లెక్క లేదు, ఆమె చిలికిన వెన్న బాగాలేదని వెనక్కి పంపే యజమాని లేడు. ఆధునిక కవిత్వంలోని అమ్మ చాలావరకు ఈ యశోద వారసురాలే. పొయ్యి ఊదే అమ్మ, రోలు రుబ్బే అమ్మ, తాను తినక పిల్లలకు పెట్టే అమ్మ మనకు ఎందరో ఉన్నారు. వారందరి పనీ ఇంటి పనే కనుక, దానికి కవి చెల్లించగల ఏకైక మూల్యం కృతజ్ఞత. కార్మికవర్గ సాహిత్యం వైపు తిరిగినా పరిస్థితి పెద్దగా మారదు. తెలుగు పాఠకులను తరతరాలుగా కదిలించిన గోర్కీ ‘అమ్మ’లో తల్లి ఫ్యాక్టరీ కార్మికుని భార్య, కార్మికుని తల్లి. ఆమె ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టేది తినుబండారాలు అమ్మే నెపంతో కరపత్రాలు చేరవేయడానికి. ఆ నవలలో ఆమె చైతన్యానికి చరిత్ర ఉన్నది గాని ఆమె కూలికి చరిత్ర లేదు.

బీడీ చాట ఈ రెండు నమూనాలలోనూ ఇమడదు. ఆ పని ఇంట్లోనే జరుగుతుంది, కాని ఇంటి పని కాదు. ఫ్యాక్టరీ పనే, కాని ఫ్యాక్టరీలో జరగదు. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తూకం వేసి ఇస్తారు. రాత్రి ఆకును నీళ్ళలో తడిపి, తడిబట్టలో చుట్టి ఉంచుతారు. పొద్దున ఆకు ఈనె ఎటు పోతున్నదో చూసి, రేకు అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరిస్తారు. ఒడిలో చాట, చాటలో తంబాకు. చిటికెడు తీసి ఆకులో పరచి, చుట్టి, మూతి మడిచి, దారం కడతారు. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. కూలి వేయి బీడీలకు ఇంత అని. ఇచ్చిన ఆకు చాలకపోతే కొనుక్కొని పూడ్చవలసింది చేసేవారే. బీడీలు తీసుకొనేచోట బాగాలేవన్నవి ఏరి పక్కన పడేస్తే, వాటి మీద పడ్డ శ్రమకు కూలి రాదు.

ఈ వివరం సాహిత్య వ్యాసానికి అవసరమా అన్న సందేహం రావచ్చు. అవసరమే, ఎందుకంటే తల్లిని గురించిన రచనలో వ్యాకరణం ఇక్కడే మారుతుంది. కవిత్వంలో తల్లి చేతులు సాధారణంగా ‘అరిగిన చేతులు’, ‘కాయలు కాచిన చేతులు’. అరగడం, కాయలు కాయడం శ్రమ మిగిల్చిన గాయాలే గాని శ్రమలోని తెలివి కాదు. ఎంత తంబాకు పడితే బీడీ వదులు కాదో, బిగుసుకొని ఆరిపోదో త్రాసు లేకుండా వేలి కొసతో తేల్చే చేయి నైపుణ్యం గల చేయి. అభ్యుదయ రచన ఆమె వంగిన నడుమును, దగ్గును, చూపు తగ్గడాన్ని చూపి సానుభూతి సంపాదించింది. అది అబద్ధం కాదు. పొగాకు ధూళిలో ఏళ్ళ తరబడి కూర్చున్న దేహం చెల్లించే మూల్యం ఎవరూ కాదనలేనిది. కాని బాధితురాలిగా మాత్రమే చూపిన తల్లికి, దేవతగా చూపిన తల్లికి ఒక పోలిక ఉన్నది. ఇద్దరికీ పనితనం ఉండదు.

మాతృస్మృతిలో తప్పనిసరిగా వచ్చే కొంగు వాసన సంగతి కూడా ఇటువంటిదే. తెలుగు కవి తల్లి కొంగులో అన్నం వాసనో, పసుపు వాసనో, పాల వాసనో ఉంటుంది. బీడీలు చేసే తల్లి కొంగులో ఉండేది తంబాకు వాసన. చంటిపిల్లకు పాలిచ్చే సమయంలోనూ అది పోదు. ఆ వాసనను ‘అమ్మ వాసన’గా రాయగలిగిన రచన తన అలంకార సామగ్రినంతా తిరిగి చూసుకోవలసి వస్తుంది. ఇష్టమూ ప్రమాదమూ ఒకే ఉపమానంలో కలిసి ఉంటాయి గనుక ఆ వాసనను కీర్తించి ఊరుకోవడం కుదరదు, నిందించి ఊరుకోవడమూ కుదరదు.

ఇందులో మరింత చిక్కైన విషయం పిల్లల చేతులు. బీడీ మూతులు మడవడం, కట్టలు కట్టడం వంటి చిన్న పనులు ఇంట్లోని పిల్లలు తల్లి పక్కన కూర్చొని చేసేవారు. రేపు ఆమెను గురించి రాయబోయే కొడుకో కూతురో అప్పటికే ఆమె తోటి పనివారు. కనుక బీడీ ఇంటి నుంచి వచ్చే ‘అమ్మ పక్కన కూర్చున్న జ్ఞాపకం’ అమాయక బాల్య జ్ఞాపకం కాదు. 1986 నాటి బాలకార్మిక నిషేధ చట్టం బీడీల తయారీని పిల్లలు చేయకూడని పనుల పట్టికలో చేర్చింది, కాని కుటుంబ సహాయంతో ఇంట్లో నడిచే పనిని మినహాయించింది. చట్టం విడిచిపెట్టిన ఆ ఇంటి గడప లోపలే ఈ జ్ఞాపకాలన్నీ పుట్టాయి. తల్లిని తప్పుపట్టకుండా, తన బాల్యాన్ని అందంగా మార్చకుండా ఆ దృశ్యాన్ని రాయడం కష్టం. మాతృస్మృతిని కేవలం కృతజ్ఞతా ప్రకటనగా భావించే రచన ఈ కష్టం దగ్గరే తప్పించుకుంటుంది. బీడీ తల్లిని గురించిన రచన ఏదైనా ఈ దృశ్యం దగ్గర ఆగిందా, దాటిపోయిందా అన్నది దాని విలువను నిర్ణయించే ప్రశ్నగా విమర్శకులు పెట్టుకోవలసి ఉన్నది.

చట్టం ఈ తల్లిని చూసిన తీరు సాహిత్యం చూసిన తీరుతో పోల్చదగినది. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంటి దగ్గర పనిచేసేవారిని కూడా ఉద్యోగుల నిర్వచనంలో చేర్చింది. బీడీ పరిశ్రమకు భవిష్యనిధి 1977లో వర్తించింది. ఇళ్ళలో చేసేవారు తమ ఉద్యోగులు కారని యాజమాన్యాలు వాదించాయి. వారిపై అజమాయిషీ లేదు, ఎప్పుడు చేస్తారో, ఎంతసేపు చేస్తారో తమకు తెలియదు అన్నది ఆ వాదం. పి.ఎం. పటేల్ అండ్ సన్స్ వ్యాజ్యంలో 1985లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. బాగాలేని బీడీలను తిరస్కరించే హక్కు యజమానికి ఉన్నది గనుక, ఆ తిరస్కరణే అజమాయిషీ అని న్యాయస్థానం భావించింది. ఇంట్లో కూర్చున్న స్త్రీ కార్మికురాలని రుజువైనది ఆమె చేసిన బీడీలు లెక్కలోకి వచ్చిన చోట మాత్రమే కాదు, లెక్కలోంచి తీసి పడేసిన చోట కూడా. కవిత్వం ఇటువంటి చూపును ఇంకా అలవరచుకోలేదనే చెప్పాలి. తల్లి ఇచ్చినవాటి జాబితా మన స్మృతి కవితల్లో చాలా పెద్దది. ఆమె చేసి, తిరస్కరణకు గురైనవాటి జాబితా ఎక్కడా కనిపించదు. ఏరివేసిన బీడీల ముందు నిలబడ్డ మనిషి ముఖంలో ఉన్నది త్యాగం కాదు, తన పనికి జరిగిన అన్యాయం పట్ల కోపం. ఆ కోపాన్ని తల్లికి ఇవ్వడానికి స్మృతి రచన జంకుతుంది.

బి.ఎస్. రాములు ‘బతుకు పోరు’ నవల బీడీ కార్మికుల జీవితాన్ని ఇతివృత్తంగా తీసుకొని ఈ మౌనాన్ని ఒక వైపు నుంచి ఛేదించింది. ఉత్తర తెలంగాణ బీడీ ప్రపంచానికి తెలుగు నవలలో స్థానం కల్పించిన కీర్తి దానిది. అయితే దానిని స్వీకరించిన విమర్శ ‘కార్మిక నవల’ అన్న వర్గంలో పెట్టి సంతృప్తి పడింది. అమ్మ మీది కవిత్వం వేరొక అరలో, స్త్రీల కథ ఇంకొక అరలో ఉన్నాయి. ఈ అరల ఏర్పాటు వల్ల ఒకే స్త్రీ రెండుగా చీలిపోయింది. కార్మికురాలిగా ఆమె సమూహంలో ఒకరు, కూలి రేటు కోసం అడిగే గొంతు. తల్లిగా ఆమె ఏకవచనం, రేటు లేని ప్రేమ. బోధన్ దగ్గరి ఏ పల్లెలోనైనా ఈ ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్న ఒకే మనిషి. తెలుగు శాఖల పరిశోధన అంశాల పట్టికలు కూడా ఈ చీలికను యథాతథంగా పాటిస్తున్నాయని చెప్పక తప్పదు.

ఈ చీలికకు ఈ ప్రాంతంలో మరొక ముఖం శక్కర్‌నగర్. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల నీటితో ఈ నేల చెరకు నేల అయింది. 1937లో నిజాం ప్రభుత్వం బోధన్‌లో చక్కెర కర్మాగారాన్ని నెలకొల్పింది. దానికి గేటు ఉన్నది, చిమ్నీ ఉన్నది, క్వార్టర్లు ఉన్నాయి, హాజరు పట్టీ ఉన్నది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడినప్పుడు కుటుంబాలు వీధిన పడ్డాయి, దాని చుట్టూ స్మృతి సాహిత్యం పుట్టడానికి కావలసిన సరంజామా అంతా అప్పటికే సిద్ధంగా ఉన్నది. అన్నం పెట్టిన సంస్థను కన్నతల్లితో పోల్చడం తెలుగు వాడుకలో మామూలే. కర్మాగారం తల్లి అయింది. తల్లి మాత్రం కార్మికురాలు కాలేదు. చెరకు చేలలో కలుపు తీసి, గడలు పడిపోకుండా జడలు చుట్టిన ఆడకూలీల పేర్లు కర్మాగారం హాజరు పట్టీలో ఉండే అవకాశమే లేదు. వారి పని పొలానిది, కర్మాగారానిది కాదు. బీడీ చేసే స్త్రీకైతే మూతపడడానికి గేటు కూడా లేదు. చక్కెర కర్మాగారం ఆగిన రోజుకు తేదీ ఉన్నది. ఒక తల్లి బీడీలు మానేసిన రోజుకు తేదీ ఉండదు. చూపు ఆనకపోవడంతోనో, వేళ్ళు వంగకపోవడంతోనో అది క్రమంగా జరుగుతుంది, ఇంట్లోవారు కూడా గమనించరు.

సామెతలోని ఏనుగు మళ్ళీ గుర్తుకు వచ్చేది ఇక్కడే. ఈ ప్రాంతపు పద్మశాలి ఇళ్ళ నుంచి మగవారు మగ్గాల వెంట షోలాపూర్, భీవండి వెళ్ళారు. తరువాతి తరంలో అన్ని కులాల నుంచి దుబాయి, సౌదీ, మస్కట్ వెళ్ళారు. దూరదేశంలోని తండ్రి ఇంట్లో పెద్ద ఆకారం. ఆయన పంపే డబ్బు పెద్దది, ఆలస్యంగా వచ్చేది, కొన్నిసార్లు రానిది. అప్పు తీరడానికి, ఇల్లు లేవడానికి అది. నూనె, ఉప్పు, పిల్లల పలకలకు బీడీ డబ్బు. గల్ఫ్ వలస మీద వచ్చిన పాటలు, కథలు వెళ్ళినవాని దుఃఖాన్ని, ఎదురుచూసే భార్య దుఃఖాన్ని బాగా పట్టుకున్నాయి. ఎదురుచూసే స్త్రీని అవి విరహిణిగానే చూశాయి. ఎదురుచూస్తూ ఆమె చేతులు ఊరికే ఉన్నాయా అన్న ప్రశ్న వాటికి తట్టినట్లు లేదు. చాట ముందు ఉన్నది ప్రబంధ నాయిక కాదు, ఇంటి ఖర్చు నడుపుతున్న మనిషి. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయికి బీడీలు చేయడం వచ్చునా, కార్డు ఉన్నదా అని అడిగే అలవాటు ఈ జిల్లాలో ఉండేదంటే, ఆమె సంపాదన ఎంత ముఖ్యమో సమాజానికి తెలుసు. సాహిత్యానికి తెలియకపోవడమే విచిత్రం.

ఈ సంపాదనా సంబంధాన్ని ఎక్కువగా నొక్కితే మాతృప్రేమ ఆర్థిక లెక్కగా కుదించుకుపోతుందన్న అభ్యంతరం ఉండవచ్చు. మౌఖిక సాహిత్యం దీనికి సమాధానం ఇస్తుంది. తెలంగాణ పల్లెలో తల్లి పోయినప్పుడు కూతుళ్ళు రాగం తీసి ఏడుస్తారు. అది అరుపు కాదు, కట్టుబాట్లు గల ప్రక్రియ. పోయినవారిని వరుస పెట్టి పిలవడం, వారు చేసిన పనులను ఒక్కొక్కటిగా తలచుకోవడం, ఇక ఆ పని ఎవరు చేస్తారని అడగడం దాని నిర్మాణం. ఆ పిలుపు ఇక్కడ ‘అవ్వా’ అని. కోస్తా పాఠకునికి అవ్వ అంటే ముసలమ్మ, ఇందూరు పల్లెలో అవ్వ అంటే కన్నతల్లి. ముద్రిత స్మృతి కవిత ‘అవ్వ’ను ‘అమ్మ’గా మార్చినప్పుడు మాండలికం ఒక్కటే పోలేదు, ఆ పిలుపు వెంట వచ్చే పనుల జాబితా కూడా పోయింది. బిరుదురాజు రామరాజు 1958 నాటి ‘తెలుగు జానపద గేయసాహిత్యము’తో స్త్రీల పాటలకు విశ్వవిద్యాలయంలో గౌరవస్థానం ఏర్పడింది. కాని ఆ తరువాతి సేకరణలు పెళ్ళి పాటలకు, బతుకమ్మ పాటలకు ఇచ్చిన శ్రద్ధను ఏడ్పులకు ఇవ్వలేదు. శవం ముందు ఏడ్చేవారి దగ్గరికి రికార్డరు పట్టుకొని వెళ్ళడం ఎవరికైనా కష్టమే. అయితే ఆ సంకోచం వల్ల మిగిలిన ఖాళీని విద్యావంతులైన కొడుకులు రాసిన కవితలు నింపాయి. కూతుళ్ళ ఏడ్పులో తల్లి చేసిన పనులు వరుసగా నిలబడతాయి, కొడుకుల కవితలో ఆమె గుణాలు నిలబడతాయి. తల్లి పనులను లెక్కపెట్టడం ప్రేమకు విరుద్ధమని ఏడ్చే కూతుళ్ళెవరూ అనుకోలేదు.

తల్లులే మాట్లాడితే ఏమవుతుందో చూపిన పుస్తకం ‘మనకు తెలియని మన చరిత్ర’. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ఆ సంకలనంలో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ కథ తామే చెప్పుకున్నారు. దళంలో ఉండగా బిడ్డను విడిచిపెట్టవలసి వచ్చిన కమలమ్మ కథనాన్ని చదివినవారు మాతృత్వాన్ని త్యాగం అన్న ఒక్క మాటలో సర్దలేరు. ఎవరు దానిని కోరారు, ఎవరికి అది అవసరమైంది, తరువాత ఎవరు ఆమెను పలకరించారు అన్న ప్రశ్నలు ఆమె మాటల్లోనే ఉన్నాయి. బీడీ తల్లుల విషయంలో ఇటువంటి మౌఖిక చరిత్ర పెద్ద ఎత్తున ఇంకా జరగవలసి ఉన్నది. చేయవలసిన తరం వయసు మీద పడింది. తెలంగాణ రాష్ట్రం బీడీ కార్మికులకు 2015 నుంచి పింఛను ఇస్తున్నది, 2019లో అది 2016 రూపాయలైంది. ఆ పింఛను అందుకొనే చేతులు ఆ కథను చెప్పగల చివరి చేతులు కావచ్చు.

ఆ చరిత్రను సేకరించేవారు మొదట అడగవలసిన పత్రం బహుశా ఛాయాచిత్రం కాదు, బీడీ కార్డు. అందులో ఆమె పేరు, తీసుకున్న ఆకు, ఇచ్చిన బీడీలు ఉంటాయి. అయితే దానిని చదవడం తేలిక కాదు. పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో మార్చిన పేరు, కార్డులో గుమస్తా తనకు వినిపించినట్లు రాసుకున్న పేరు. ఒకే కార్డు మీద ఇంట్లో ఇద్దరు ముగ్గురు బీడీలు చేయడం ఈ పరిశ్రమలో తెలియనిది కాదు. అత్త పేరున్న కార్డులో కోడలి పదేళ్ళ పని ఉండవచ్చు, ఆ కోడలి పేరు ఎక్కడా ఉండకపోవచ్చు. తాళపత్ర ప్రతులలో పాఠభేదాలను, లేఖక దోషాలను, ఒకరి పేర చెలామణి అయిన మరొకరి రచనను తేల్చడంలో తెలుగు శాఖలకు దీర్ఘమైన అనుభవం ఉన్నది. వేటూరి ప్రభాకరశాస్త్రి తరం నుంచి నేర్చుకున్న ఆ పరిష్కరణ విద్య ఈ కార్డులకు కూడా అన్వయిస్తుంది. కర్తృత్వ నిర్ణయం ఇక్కడా చేయవలసినదే: ఈ వేయి బీడీలు ఎవరివి, ఈ పేరు ఎవరిది, ఏరివేసిన కట్టలు ఎవరి ఖాతాలోంచి పోయాయి.